బండెక్కని తాత

నేను జెద్దాలో టూరిస్టు వ్యాన్ నడుపుతాను. ఈమధ్య అమెరికా నుంచి వచ్చిన ఒక యూదు బృందాన్ని, ఒకప్పుడు యూదులు ఉన్న, మదీనా దగ్గరి ఖైబర్ చూపించడానికి తీసుకెళ్లాను. శనివారం వాళ్లకు విశ్రాంతి దినం. చీకటి పడేదాకా బండెక్కరు, ఫోన్ ముట్టరు.

"కూసోబెట్టి జీతమిస్తున్నరా? నీదే రాజయోగం రా!" అన్నాడు ఆ శనివారం నా రూమ్మేట్ ఫోన్లో. మాట్లాడే మనిషి లేక, ఆ రాజయోగంలో వ్యాన్‌ను రెండుసార్లు కడిగాను.

సాయంత్రం, ఇంకా చీకటి పడకముందే, వాళ్లలో ఒక పెద్దావిడ ఏడుస్తూ వచ్చింది. నడకకు వెళ్లిన భర్త తిరిగి రాలేదట. ముసలాయన, పైగా చేతిలో ఫోన్ లేదు. ఖర్జూర తోటల వెంట వ్యాన్‌లో వెతికాను. దారి తప్పి, ఒక గోడ పక్కన అలసిపోయి కూర్చున్నాడు. నీళ్లు తాగించి, దొరికాడని హోటల్‌కు ఫోన్ చేసి, వ్యాన్ తలుపు తీశాను.

ఆయన బొంబాయిలో పుట్టినవాడు. "ఇవాళ ఎక్కను బేటా, నడుద్దాం" అన్నాడు హిందీలో.

"తాతా, ఏసీ ఉంది!"

"ప్రాణం పోయేలా ఉంటే ఎక్కేవాణ్ణి. నువ్వు నీళ్లిచ్చి చెడగొట్టావు."

నా భుజం పట్టుకుని నడిచాడు. మా అమ్మ గురించి, నా వంట గురించి అడిగాడు. ఈ దేశం వచ్చాక నన్నెవరూ అలా అడగలేదు.

హోటల్ దగ్గర అందరూ నన్ను హీరో అన్నారు. ఆ హీరో వ్యాన్ కోసం మళ్లీ అంత దూరం ఒంటరిగా నడిచాడు. ఆ దారి ఎంత పొడవో అప్పుడు తెలిసింది.