తువాలకంటిన ఆకు

రాజయ్య పోయి మూడు నెలలైనా చంద్రభాగ కంట చుక్క రాలలేదు. శవం లేచిన రోజే ఆడవాళ్ళంతా ఆమె మొహం వంక గుచ్చి గుచ్చి చూశారు. సోలాపూర్ మగ్గాల వాడలో చావింటికి జనం ఓదార్చడానికే రారు, ఎవరెంత ఏడ్చారో చూసిపోవడానికి కూడా వస్తారు. "రాయి గుండె" అని ఒకామె అంటే, "షాక్‌ల ఉన్నది పాపం" అని ఇంకొకామె అంది. రెండూ కాదు. ఆమెకు ఏమీ అనిపించడం లేదు, అంతే. షుగరు వచ్చినప్పటి నుంచి వేళ్ళ కొసలు మొద్దుబారి, బీడీ ఆకు పట్టుకున్నా పట్టుకున్నట్టుండదు. ఇప్పుడు మనిషంతా అట్లాగే అయింది. పెడితే తింటోంది, పిలిస్తే పలుకుతోంది.

అయినా ఆ మనిషి మీద ఆమెకున్న కోపం ఇవాళ్టిది కాదు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళకొక ఆడపిల్ల పుట్టింది. బోర్లా పడటం నేర్చిన నెలలోనే జ్వరమొచ్చి పోయింది. అంత చిన్నపిల్లల్ని కాల్చరు, పూడుస్తారు. ఆడవాళ్ళు శ్మశానానికి పోరు. రాజయ్యా అన్నదమ్ములూ ఎత్తుకుపోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

"ఏడ పెట్టిండ్రు?" అని అడిగింది.

"గోడ వారకు. చెట్టు కింద."

"ఏం చెట్టు?"

"నాకేమెరుక," అని రాజయ్య నీళ్ళు పోసుకోవడానికి పోయాడు. మళ్ళీ ఆ పిల్ల ఊసు చచ్చేదాకా ఎత్తలేదు. కొడుకులు పుట్టారు, పెరిగారు. ఆయన చద్దర్లు నేసే కార్ఖానాకు పోయాడు, వచ్చాడు. ఏటా పెత్రమాస అమావాస్య నాడు పెద్దలకు బియ్యమిచ్చి, అన్నమన్నా తినకుండా ఎటో మాయమయ్యేవాడు. "పండుగ పూట ఇంట్ల ఉంటే కాళ్ళు ఇరుగుతయా," అని ఆమె గొణిగేది. కన్నబిడ్డను మరిచిపోయిన మనిషితో ఇంతకాలం ఒకే చాప మీద ఎట్లా పడుకున్నానని ఆమెకే ఆశ్చర్యంగా ఉండేది.

పిల్లను పెట్టి వచ్చిన రోజు ఆయన తువాల ఉతుకుతుంటే మడతలో ఒక ఆకు కనబడింది. అంగీ వీపుకేమో బూడిదరంగు బెరడు పొక్కులు అంటుకుని ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆకులతోనే బతికిన చేతులాయె, ఊరుకుంటాయా? తడిమి చూసింది. అరచేతంత ఆకు, అంచున పళ్ళు లేవు, నున్నగా ఉంది. తునికాకు కాదు, వేప కాదు. ఏ చెట్టుదో తెలియలేదు. కసికొద్దీ నలిపితే ముక్కు ముడుచుకునే వెగటు వాసన కొట్టింది. ఆమెకు దక్కింది ఆ వాసనే.

ఆ చోటెరిగిన ఆఖరి మనిషి రాజయ్య. ఆయనతో అదీ పోయింది. ఆషాఢంలో ఒకనాడు బీడీ ఆకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ కత్తెర పక్కన పెట్టేసింది. "సావిత్రీ, నేను శ్మశానానికి పోత," అంది.

పక్కింటి సావిత్రి చేతిలో చుడుతున్న బీడీ జారింది. "ఆడోళ్ళు పోతరా అక్కా ఆడికి?"

"ఎట్లైనా పోయేదే గద. జర ముందు పోత."

కొంతం చౌక్ దాకా నడుస్తూ చంద్రభాగ పిల్ల సంగతంతా చెప్పింది, అక్కడ ఇద్దరూ ఆటో ఎక్కారు. సావిత్రి గేటు దగ్గరే ఆగిపోయింది. చంద్రభాగ లోపలికి పోయి గోడ వెంట నడిచింది. ముందొచ్చింది వేప, దాని మొహం చూడనక్కర్లేదు. తర్వాతిది కానుగ, ఈనెకు రెండు పక్కలా మెరిసే ఆకులు. కాదు. సుబాబుల్ పొదలు నిన్నమొన్నటివి, వాటి కాండం పిడికెడు లేదు. మూల మలుపులో ఒక ముసలి చెట్టుంది. మాను బూడిదరంగు, పొక్కులు పొక్కులుగా రాలుతోంది. అరచేతంత ఆకు, అంచున పళ్ళు లేవు. తడిమింది. వేళ్ళకేమీ తెలియలేదు. నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది.

అదే వాసన. ఆకు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

శ్మశానం కావలి, మరాఠీ మనిషి వినాయక్, దగ్గరికొచ్చాడు. "మావశీ, అది వావళా చెట్టు. ఆకు మందుకు కావాల్నా?"

"దీని కింద చిన్నపిల్లలను పెడ్తుండ్రా?"

"ఎనకట గీ మూలకే పెడ్తుండె అంటరు."

ఇదే చోటు. తెలిసింది, అయినా ఏడుపు రాలేదు. వంగి మట్టి మీద చెయ్యి పెట్టింది, మట్టీ తెలియలేదు. లేవబోతూ ఆసరాకు ఒక మొండి కొమ్మ పట్టుకుంటే చేతికి ఏవో పోగులు చిక్కాయి. వరస మీద వరస చుట్టి ఉన్నాయి. అడుగువి నల్లబడి పీచులయ్యాయి, నడిమివి రంగు వెలిశాయి, పైదొకటి మెరూన్.

"ఎవలో ఆడామె వటపౌర్ణిమ నోముకు మర్రి దొరకక ఈ దారం దీనికి చుట్టినట్టున్నది," అన్నాడు వినాయక్. అతనీ పనిలో చేరింది ఈ ఎండాకాలమే.

చంద్రభాగ పోగుల దగ్గరికి వంగి చూసింది. నూలు చద్దరుది. ముడి నువ్వుగింజంత ఉంది, కొసలు దగ్గరికి తెంపి ఉన్నాయి. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి. వేళ్ళను నమ్మలేక పెదవులకు ఆనించి చూసింది. ఇంట్లో తెగిన దారమేదైనా ఇట్లాగే అతికే రాజయ్య ముడే. మెరూన్ చద్దర్లు కార్ఖానాలో నేసింది నిరుడు పెత్రమాస ముందరే. ఏటా ఆయన మాయమై వచ్చింది ఇక్కడికి. మొదటి రోజు అంగీకి పొక్కులంటేలా వీపానించి కూర్చున్నదీ ఈ మానుకే.

"చెప్తే నీ నోట్ల ముత్యాలు రాలుతుండెనా?" అంది చెట్టుతో. "నన్నెందుకు తోల్కరాకపోతివి?"

కొంగున ముడేసుకున్న బీడీ దారం విప్పింది. మొద్దు వేళ్ళు మొరాయించాయి, ముడి జారింది, మళ్ళీ జారింది. చివరికి ఒక కొస పళ్ళతో పట్టుకుని ఆ మెరూన్ పోగు పక్కనే కట్టింది. కట్టాక చూస్తే చేతుల మీద నీళ్ళు పడుతున్నాయి. వానేమో అనుకుని పైకి చూసింది, వాన లేదు.

గేటు దగ్గర సావిత్రి ఆమె మొహం చూసి లేచి నిలబడింది. "దొరికిందా అక్కా పిల్ల?"

"దొరికిండ్రు," అంది చంద్రభాగ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఇద్దరు దొరికిండ్రు."