మూడోసారి చల్లార్చిన ముక్క

తొంభైల చివర బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ రెండో అంతస్తులో కూర్చునేవాణ్ణి. సిద్ధాంతం చేసేవాళ్ళందరిదీ ఆ అంతస్తే. ప్రయోగాలు కింద జరిగేవి. మావాళ్ళు మెట్లు దిగేది కాఫీకి మాత్రమే. కిందివాళ్ళ గ్రాఫు జిరాక్స్ తెప్పించుకుని, స్కేలు ఆనించి ఒక్కో బిందువూ చదివి, తమ సమీకరణానికి సరిపోయిందని పేపరు రాసేవాళ్ళు. దాన్ని భౌతికశాస్త్రం అనేవాళ్ళు.

మా గైడు ఎంచుకున్నది వనేడియం ఆక్సైడు. మామూలు వేడిలో అది లోహంలా కరెంటును పోనిస్తుంది. బాగా చల్లారిస్తే ఉన్నట్టుండి ఆపేస్తుంది. ఒకే పరమాణువు మీద చేరిన రెండు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఎంత బలంగా నెట్టుకుంటాయన్న అంకె ఆ మార్పుకు కీలకం. కాంతితో చేసిన వేరే కొలతల్లోంచి ఆ అంకె తీసుకుని ఏడాది పాటు లెక్క కట్టాను. నిరోధం ఎగిరిన ఎత్తు గ్రాఫులో ఉన్నదానికన్నా చాలా ఎక్కువ వచ్చింది.

"అంకె తగ్గించవయ్యా," అన్నారు గైడు.

"ఎంతకి సార్?"

"సరిపోయేదాకా."

తగ్గించాను. సరిపోయింది. ఆ పేపరు వస్తేనే నా ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగిస్తారు. తాతగారి జమీ అంతా వ్యాజ్యాల్లో పోయాక మా ఇంట్లో మిగిలింది నిటారుగా నడవడం ఒక్కటే. నాకు వేరే ఆధారం లేదు.

జిరాక్స్‌లో ఒక మూల మసకగా ఉంటే, అసలు గ్రాఫు చూద్దామని కిందికి వెళ్ళాను. స్ఫటికాలకు తీగలు అతికించే పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగువాడు.

"ఇదా? ఇది మూడో తూరి చల్లార్చింది కదప్పా," అన్నాడు. "మొదటి తూరికే ముక్క లోపలంతా చీలి ఉండాది. చీలినాక వేడిలో కూడా కరెంటు సరిగా పోదు, ఎగురుడు తగ్గిపోతాది. మీ మేడ మీదోళ్ళు ఎలక్ట్రాన్లకి జరమొచ్చిందనుకున్నారా ఏమి?"

"మరి చెప్పలేదేం?"

"అడిగేకి ఎవురు దిగినారప్పా? క్యాంటీన్ ఆ పక్క ఉండాది. మీరంతా ఆ పక్కే పోతారు."

సొరుగులోంచి మొదటిసారి చల్లార్చినప్పటి కాగితం తీసి ఇచ్చాడు. నేను మొదట వాడిన అంకెతో వచ్చిన లెక్క దానికి దాదాపు సరిపోయింది. అంతవరకూ స్కేలు ఆనించిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఆ పూట నా మీద నాకు కలిగిన రోత తక్కువదేమీ కాదు.

పైకి తీసుకెళ్ళి చూపిస్తే, గైడు ఆ కాగితాన్ని బోర్లా పెట్టారు.

"పేపరు రేపు పోస్టులో పోతోంది. దాన్ని పరిశీలించే రెఫరీ వచ్చి కింద చూస్తాడా ఏంటి?"

"మనం సిద్ధాంతం రాసింది పగుళ్ళకి సార్."

"ఇది మీ తాతగారి దివాణం కాదు. నీ పేరు ఉంచాలా, తీసేయాలా?"

"తీసేయండి."

నా ఎదుటే కొట్టేసి, పెన్నుకు మూత పెట్టి, టీకి వెళ్ళిపోయారు. పేపరు అచ్చయింది. ఆ తప్పుడు అంకె ఆధారంగా ఇంకొకాయన మరో సిద్ధాంతం కట్టాడు. దానికి చప్పట్లు కూడా కొట్టారు. నా ఫెలోషిప్ ఆగిపోయింది.

అది ఆగిన మరుసటి నెల నుంచి కె.ఆర్.పురంలో బస్సు మారి వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీకి వెళ్ళేవాణ్ణి. రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలు ఉన్నచోట నాలుగు పెట్టే పని. మొదటిరోజు మేనేజరు, "తప్పు కనిపిస్తే చెప్పండి, జీతం దానికే," అన్నాడు. ఆ మాట ఎవరైనా అంత మామూలుగా అనగా వినడం నాకు అదే మొదటిసారి.