కంట్రోలు కాపాడిన ఇల్లు

యుద్ధం అయిపోయినా కంట్రోళ్ళు పోలేదు. బియ్యానికి కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు, గుడ్డకు కంట్రోలు. నరసరావుపేటలో ఇంటి అద్దెలకు కూడా కంట్రోలు వచ్చిందని మా ఆయన బడి నుంచి వచ్చి చెబితే నేను నమ్మలేదు. ఇష్టం వచ్చినట్టు అద్దె పెంచకూడదట. చట్టంలో రాసిన కారణం ఏదో ఒకటి చూపించకుండా కాపురమున్నవాళ్ళను వెళ్ళగొట్టకూడదట.

మాకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన మిరపకాయల వ్యాపారి, ఎదురింట్లోనే ఉండేవాడు. మేము ఖాళీ చేస్తే మా ఇంటిని గోదాముగా ఇచ్చి మూడింతలు రాబట్టాలని అతని ఆశ. మేము కదలకపోయేసరికి బావి గిలక ఊడదీసి పట్టుకుపోయాడు. అద్దె తీసుకెళితే చేతులు వెనక్కి పెట్టుకుని, "నేనెప్పుడన్నా అడిగినానా పంతులూ?" అనేవాడు. అద్దె ఎగ్గొట్టామని ఫిర్యాదు చేయడానికి ఆ ఎత్తు. మా ఆయన మనియార్డరు పంపడం మొదలుపెట్టారు. ఆ మనిషి ముఖం చూస్తేనే నాకు రోత. రోతంతా ఎదురింట్లోనే ఉందనుకునేదాన్ని అప్పట్లో.

మా వసారా పక్కన ఒక చిన్న గది ఉండేది. అందులో బెల్లంకొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. విస్తళ్ళు కుట్టి హోటళ్ళకు వేసేది. ఆదివారం మాతోపాటే చర్చికి వచ్చి మా బల్ల మీదే కూర్చునేది. నా రెండు కాన్పులకూ వేణ్ణీళ్ళు కాచిందీ, నా తల పట్టుకుని కూర్చుందీ ఆమే. నేను పిన్నీ అనేదాన్ని, నా పిల్లలు అమ్మమ్మా అనేవాళ్ళు. అయినా ఆ గదికి నెలనెలా మాకు రూపాయిన్నర ఇచ్చేది. వద్దు పిన్నీ అని నేను ఒక్కసారీ అన్నది లేదు.

ఇంటాయన ఆ సంగతి పసిగట్టాడు. అద్దె ఇంట్లో ఇంకొకరిని అద్దెకు పెట్టడం ఆ చట్టంలో రాసిన కారణాల్లో ఒకటి. అర్జీ పెట్టాడు. తాలూకా కచేరీకి రమ్మని మాకు నోటీసు వచ్చింది.

ఓడిపోతే ఇద్దరు పిల్లలతో ఎక్కడికి పోవాలి? ఊళ్ళో ఇళ్ళే లేవు. ఉన్న ఒకటీ అరా చోట్ల మా కులం అడిగి తలుపేసుకున్నారు. మా ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు, "ఆమె మన పనిమనిషని చెబుదాం. పనిమనిషికి గది ఇస్తే అది అద్దె కాదు" అన్నారు.

"నేను చెప్పను" అన్నాను.

"అయితే సామాను సర్దు" అన్నారు.

ఆమెకు ఈ మాట చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. ఆయనే చెప్పారు. "అట్నే చెప్పండి బాబూ, ఏంది దానికి? మీరు పోతే నేను మాత్రం యాడ ఉండాల?" అంది.

కచేరీలో ఆమె నా పక్కనే నిలబడింది. అధికారి దేవుడి మీద ప్రమాణం చేయించి, "ఈమె మీకేమవుతుంది?" అని అడిగాడు. పిన్ని అన్న మాట నోటిదాకా వచ్చింది. సొంత పిన్నా, వరస పిన్నా అని ఇంటాయన వకీలు కూపీ లాగడానికి కాచుకుని ఉన్నాడు.

"ఏమీ కాదండి. మా పనిమనిషి" అన్నాను.

"జీతమెంత?"

"తిండి పెట్టి, గది ఇచ్చామండి."

మా ఇంట్లో ఏనాడూ ఆమెకు రోజువారీ తిండి పెట్టింది లేదు. అద్దె తీసుకుంటారా అంటే లేదన్నాను. ఒక్క మాటా తడబడలేదు. ఛీ, నా నాలుక అంత సాఫీగా తిరుగుతుందని అంతకుముందు నాకు తెలియదు. తర్వాత ఆమెను అడిగారు. "అవునయ్యా, అంట్లు తోముతా, వాకిలి ఊడుస్తా" అంది తల వంచుకుని.

అర్జీ కొట్టేశారు. వచ్చేటప్పుడు మా ఆయన జిలేబీలు కట్టించారు. నేను నా వంతు పిల్లలకు పెట్టేశాను.

మర్నాడు పొద్దున లేచేసరికి మా అంట్లన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. ఆమె వాకిలి ఊడుస్తోంది.

"ఏంది పిన్నీ ఇది? చీపురిట్టా ఇయ్యి!"

"ప్రమాణం చేసొచ్చినాం గదమ్మా. చెయ్యకపోతే అబద్ధమైపోద్ది. పిల్లలు గలదానివి" అంది.

నేను చీపురు పట్టుకుని లాగాను. ఎదురరుగు మీద ఇంటాయన వేపపుల్ల నములుతూ మమ్మల్నే చూస్తున్నాడు. లోపలినుంచి మా ఆయన మెల్లగా, "ఊడవనియ్యవే. అతను చూడ్డం మనకు మంచిదే" అన్నారు.

నేను చీపురు వదిలేశాను.

వారం రోజులు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తర్వాత అలవాటైంది. ఆ మాట రాయడానికే అసహ్యంగా ఉంది కానీ, నిజంగా అలవాటైంది. పొద్దున కాస్త ఎక్కువసేపు పడుకోవడం కూడా మొదలుపెట్టాను.

ఒకరోజు మా చిన్నది గడపలో నిలబడి, ఆమె మీద కేకేసింది.

"ఏమే, నీళ్ళు తెచ్చినావా?"

నేను ఒక్క ఉదుటున వెళ్ళి దాని చెంప పగలగొట్టాను. "అమ్మమ్మనటే అట్టా అనేది?" అని అరిచాను. అది చెంప పట్టుకుని, నేనెందుకు కొట్టానో అర్థంకాక నా వంక చూసింది.

"పనిమనిషేగా అమ్మా" అంది.