బొమ్మల పుస్తకంలో పచ్చపురుగు

నేను చేసిన వెధవపనులు చాలానే ఉన్నాయి గానీ, ఒక పచ్చపురుగు చేతిలో, అదీ కాగితం మీది పురుగు చేతిలో, బడిపిల్లలందరి ముందూ చిత్తుగా ఓడిపోయిన పంతులు మా జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నవ్వాలనుకునేవాళ్ళు మొహమాటపడకండి. అప్పట్లో ఊరంతా నవ్వింది, ఇప్పుడు మీరు ఆగినా నాకు ఒరిగేదేం లేదు.

తొంభైల చివర్లో మాట. పర్చూరు దగ్గర ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల. రెండో తరగతి నాది, ఒకటో తరగతి రాజ్యలక్ష్మి టీచరుది. రెండు గదులకీ మధ్య గోడ పైకప్పు దాకా ఉండేది కాదు. ఆవిడ రోజూ మధ్యాహ్నం ఒక బొమ్మల పుస్తకం తెరిచి చదివేది. నేను ఇవతల ఎక్కాలు చెబుతుంటే, నా పిల్లల ఒళ్ళు మాత్రమే నా దగ్గర ఉండేది, చెవులు గోడ దాటి పోయేవి.

అది కూడా ఓర్చుకునేవాణ్ణే. అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. మా అమ్మాయి బుజ్జి ఆ ఏడే ఒకటో తరగతిలో, అంటే ఆవిడ దగ్గర, చేరింది.

"అన్నం తినమ్మా, నేను కథ చెబుతాగా" అన్నాను ఒకరోజు.

"నువ్వొద్దు నాన్నా. నువ్వు చెబితే పాఠంలాగా ఉంటది. మా టీచరు చెబితేనే కథ."

మా ఆవిడ పెరుగన్నం కలుపుతూ కిసుక్కున నవ్వింది. నాకు మాత్రం కంట్లో పచ్చిమిరపకాయ పిండినట్టయింది. ఏమండీ, నా కూతురికి నాకంటే ఆ టీచరమ్మ ఎక్కువా? కన్నది మా ఆవిడే, ఒప్పుకుంటాను. అయినా తండ్రిగా నాకూ ఒక వాటా ఉంటుంది కదా!

మర్నాడు బళ్ళో రాజ్యలక్ష్మి టీచరు భోజనానికి వెళ్ళినప్పుడు దొంగలా వెళ్ళి ఆ పుస్తకం తెరిచి చూశాను. నలిగిపోయిన పది కాగితాలు. ఒక కోడి, ఒక గంప, ఒక పిల్లి. కోడిపిల్ల తప్పిపోతుంది, దొరుకుతుంది. ఇంతే! ఈ బోడి పుస్తకానికా నా బిడ్డ మనసిచ్చింది? దీన్ని తలదన్నే పుస్తకం తెచ్చి, పిల్లలందరి ముందూ చదివి తీరాలనుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట ఎలాగూ గెలవలేకపోయాను కాబట్టి, ముందు రచ్చ గెలిచి తర్వాత ఇంటికొద్దామని నా పథకం.

ఆదివారం గుంటూరు బస్సెక్కి, దిగి ఆటోలో బ్రాడీపేట చేరి, ఒక పుస్తకాల షాపులో దూరాను. షాపాయన పెద్దమనిషి, ఓపిగ్గా అడిగాడు.

"ఎన్నో తరగతి పిల్లలకండి?"

"ఒకటీ, రెండూ."

"అయితే వాళ్ళు రోజూ చూసేవి ఉన్నవి తీసుకోండి. ఎడ్లు, కోళ్ళు, రైలుబండి…"

"కోడి మాటెత్తకండి! అదిరిపోవాలి. మా పక్క టీచరు దగ్గర ఇలాంటిది ఉండకూడదు."

ఆయన కళ్ళజోడు సర్దుకుని నన్ను తేరిపారా చూశాడు. "పుస్తకం పిల్లలకాండీ, ఆ టీచరుగారికా?"

నేను వినిపించుకోలేదు. అప్పటికే నా చూపు పై అరలో ఉన్న ఒక పుస్తకం మీద పడింది. పీట అంత వెడల్పు. అట్ట నిండా మిలమిల మెరిసే ఆకుపచ్చ పురుగు, చేత్తో తడిమితే మెత్తగా నూగు తగులుతోంది! రాజ్యలక్ష్మి టీచరు కోడికి ఈకలు తగులుతాయా? తగలవు. అక్కడే కొనేశాను.

శనివారం మధ్యాహ్నం వరండాలో రెండు తరగతుల పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టాను. "తప్పకుండా చదవండి మాస్టారూ, నేను హాజరుపట్టీ పూర్తి చేసుకుంటా" అని ఆవిడ నవ్వుతూ లోపలికెళ్ళింది. ఆ నవ్వు ఇక రెండు గంటలే అనుకున్నాను. బుజ్జి మొదటి వరసలో కూర్చుంది.

"అనగనగా ఒక పచ్చని పురుగు. దాని పేరు చిట్టి. పాపం, చిట్టికి స్నేహితులే లేరు" అని గొంతు వణికిస్తూ పుస్తకం ఎత్తి చూపించాను.

వీరాంజనేయులు అనేవాడు లేచి నిలబడ్డాడు. "సార్, అది పచ్చపురుగు."

"అవున్రా, పచ్చగా ఉందిగా."

"అది కాదు సార్, పత్తికాయలో పడేది. మా చేనంతా అదే తినేసింది!"

అయ్యా, నేనూ రైతు బిడ్డనే. ఆ ఏడు మా అన్న పత్తిచేనుని కూడా ఆ పురుగే ఊడ్చేసింది. అయినా అసూయతో పూడుకుపోయిన కళ్ళకి షాపులో అది పురుగులా కనపడలేదు, గెలుపులా కనపడింది.

మాట మార్చాలని, "సరే పిల్లలూ, ఇప్పుడు చిట్టికి ఏం కావాలి?" అన్నాను. 'స్నేహం' అంటారని నా ఆశ.

"మందు సార్!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"మందుకి చావదురా, మా నాన్న మూడు తడవలు కొట్టాడు."

"చేత్తో ఏరాలి సార్! మేం రోజూ ఏరి కిరసనాయిలు డబ్బాలో ఏస్తన్నాం."

కంగారుగా చివరి పేజీకి దూకాను. "అది కాదర్రా, చూడండి! చిట్టికి రెక్కలొచ్చి ఎంత అందంగా ఎగురుతోందో!"

మస్తాన్‌బీ నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "రెక్కలొచ్చేసినాయా? ఇంకేముంది సార్, ఊరంతా గుడ్లు పెట్టిద్ది!"

అంతే, వరండా దద్దరిల్లింది. వీరాంజనేయులు పలక తీసుకుని చిట్టి మొహం మీద ఒక్కటి వేశాడు. పుస్తకం నా చేతుల్లోంచి ఎగిరి పడింది. ఆ గోలకి రాజ్యలక్ష్మి టీచరు బయటికొచ్చింది.

"టీచర్, సారు పచ్చపురుగుని మంచిదంటన్నాడు!" అని చాడీ చెప్పింది ఎవరో కాదు, నా కన్నకూతురే.

ఆవిడ పుస్తకం తీసి, దుమ్ము దులిపి, మొదటి పేజీ తెరిచింది. "పురుగు ఆకుల్లో నక్కింది. ముందు కనిపెట్టేది ఎవరో చూద్దాం!" అంది. పిల్లలు మూకుమ్మడిగా పుస్తకం మీద పడ్డారు. ప్రతి పేజీలో వెతకడం, దొరకగానే చప్పట్లు. నా పుస్తకం, నా పురుగు, నా బిడ్డ, పేరు మాత్రం ఆవిడకి! నేను స్తంభానికి ఆనుకుని కుళ్ళుకుంటూ నిలబడ్డాను.

సాయంత్రం ఇంటికొస్తుంటే బుజ్జి నా వేలు పట్టుకుంది. చాలా రోజుల తర్వాత నా వంక మెచ్చుకోలుగా చూసింది. నా గుండె పొంగింది.

"నాన్నా, నువ్వు పుస్తకాలు భలే కొంటావు."

"అవునా తల్లీ!"

"ఊఁ. ఇంకోటి కొని మా టీచరుకియ్యి, చదివి పెట్టిద్ది."

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, పెరుగన్నం సాక్షిగా శపథం చేశాను: ఆరేళ్ళ పిల్ల ప్రేమ కోసం ఏ టీచరమ్మతోనూ పోటీకి దిగను, నూగున్న ఏ ప్రాణినీ అట్ట చూసి కొనను, నా కూతురిని అడక్కుండా బొమ్మల పుస్తకం ముట్టుకోను. శపథమంతా విని బుజ్జి ఆవులించి, "నాన్న మళ్ళీ పాఠం మొదలెట్టాడమ్మా" అంది.