హన్నా ఏడుపు, అత్తమ్మ ప్రార్థన

మా హన్నా పుట్టి ఇంకా నెల కూడా నిండలేదు, అప్పటికే మా ఇంట్లో పొద్దు గూకుతోందంటే భయం పట్టుకుంది, సహోదరులారా! పగలంతా పాలు తాగి, కాళ్లాడించుకుంటూ బుద్ధిమంతురాలిలా ఉండేది. ఎండ దిగి గొడ్లు ఇంటికి తిరిగొచ్చే వేళకు ఏడుపు అందుకునేది. మొహం కందగడ్డలా ఎర్రబడి, పిడికిళ్లు బిగించి, మోకాళ్లు పొట్టకు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చేది. పాలిచ్చినా ఆగదు, ఎత్తుకున్నా ఆగదు, జోకొట్టినా ఆగదు. వంటలై, తిండ్లై, వీధంతా సద్దుమణిగే దాకా అదే వరస. పెళ్లైన చాలా ఏళ్లకు మోకరించి అడిగి పొందిన బిడ్డ. అది ఏడుస్తుంటే నేనూ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని, మా ఆయన ప్రకాశం ఇళ్లు కట్టే సుతారి పని నుంచి వచ్చి ఇద్దరిలో ఎవరిని ఊరుకోబెట్టాలో తెలియక గడపలో నిలబడేవాడు.

మాది గోపాల్‌పేట దగ్గర చిన్న పల్లె. పల్లె అన్నాక సలహాలకు కొదువా! ఒకరు వాము నీళ్లు పట్టమన్నారు, ఒకరు ఆముదం చుక్కలన్నారు, ఒకరు నా పాలే మంచివి కావన్నారు. మొదటి రెండూ పట్టి చూశాను, ఏడుపు ఆగలేదు. ఆ చివరి మాట మాత్రం ములుకులా గుచ్చుకుంది.

మా అత్తమ్మ ఈదమ్మ చెడ్డ మనిషి కాదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. అప్పటికి ఆమె ప్రభువును ఎరుగదు. మేము బాప్తిస్మం తీసుకున్నప్పుడు కోప్పడలేదు, వెంట రాలేదు. ఆమె తొలిచూలు కొడుకు చంటివాడుగా ఉండగానే కడుపునొప్పితో ఏడ్చి ఏడ్చి చనిపోయాడు. ఆ తర్వాత పుట్టిన మా ఆయన ఏడవడం మొదలుపెట్టగానే, ఎర్రగా కాల్చిన సూదితో బొడ్డు చుట్టూ చురకలు పెట్టించింది. ఆ మచ్చలు ఈ రోజుకీ ఆయన పొట్ట మీద ఉన్నాయి.

“పెద్దోనికి సురుకలు పెట్టియ్యకనే పోగొట్టుకున్న. నీ మొగనికి పెట్టిచ్చిన, బతికి బట్టకట్టిండు. ఐతారం పొద్దుగాల పిల్లను సురుకలు పెట్టేటోళ్ల తానికి తీస్కపోదాం, సుగుణా” అంది. గట్టిగా అనలేదు, బతిమాలినట్టే అంది. వాదించడానికి మా ఆయన పొట్ట మీది మచ్చలే మాకు అడ్డమయ్యాయి! నాకేమో ఆదివారం తలుచుకుంటే, కళ్లు మూసినా తెరిచినా ఆ సూదే కనిపించేది.

ఇక మా సంఘం సంగతి వినండి. రోజూ అదే వేళకు ఏడుస్తోంది కాబట్టి ఇది అంధకార శక్తి పనే అని తేల్చేశారు. కంజీరలు, తాళాలు పట్టుకుని మా ఇంటికొచ్చి, చుట్టూ నిలబడి, బిడ్డ మీద చేతులుంచి, “విడిచి పో!” అని గొంతులు చించుకుని ప్రార్థించారు. వాళ్లది ప్రేమే, కాదనను. కానీ వాళ్ల స్వరం పెరిగిన కొద్దీ హన్నా స్వరమూ పెరిగేది, హన్నా స్వరం పెరిగిన కొద్దీ దయ్యం మొండికేసిందని వాళ్లు ఇంకా పెంచేవాళ్లు! నన్ను కూడా ఉపవాసం ఉండమన్నారు.

ఆ కేకల మధ్య నేను లోలోపల చేసుకున్న ప్రార్థన ఇది: “తండ్రీ, బిడ్డనిచ్చినవు, బిడ్డకేమైందో తెల్సుకునే బుద్ధి కూడ ఇయ్యి. ఐతారం లోపల్నే ఇయ్యి. నా తాన్నయితే ఆ బుద్ధి లేదు.”

దేవుడు జవాబిచ్చాడు, దేవునికే మహిమ! మా సంఘ కాపరి అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆమె, పుట్టింటి నుంచి ఆ వేళకే తిరిగొచ్చారు. గుమ్మంలో అడుగుపెట్టగానే కంజీర మీద చెయ్యి వేసి ఆపారు. “జర అందరు ఊకోండ్రి. గింత సప్పుడుకు పెద్దోళ్లకే తలకాయ నొస్తది, పసిదానికి నొయ్యదా? పాలిచ్చే తల్లికి ఉపాసమేంది? ఉంటే మీరుండుండ్రి, ఆమె తింటది” అన్నారు. బిడ్డను తీసుకుని, ముంజేయి మీద బోర్లా పడుకోబెట్టుకుని, నెమ్మదిగా నడుస్తూ చిన్నగా పాట పాడారు. ఏడుపు పూర్తిగా ఆగలేదు గానీ తగ్గింది. “దయ్యం లేదు గియ్యం లేదు. రేపు వనపర్తికి తీస్కపోయి డాక్టరుకు చూపియ్యుండ్రి” అన్నారు.

మరునాడు అత్తమ్మ కూడా మాతో బస్సెక్కింది. డాక్టరమ్మ బిడ్డను తూచి, పొట్ట నొక్కి చూసి, పాలు ఎలా పడుతున్నానో కూర్చోబెట్టి చూసింది. బరువు బాగా పెరుగుతోందని, ఏ రోగమూ లేదని చెప్పింది. ఇలా రోజూ సాయంత్రం ఊరుకోకుండా ఏడవడాన్ని కోలిక్ అంటారట, ఎంతోమంది ఆరోగ్యమైన పిల్లలకు వస్తుందట, ఎందుకొస్తుందో సరిగ్గా ఎవరికీ తెలియదట, మూడు నాలుగు నెలలకు దానంతటదే పోతుందట. తల్లి తప్పు కాదు అంది. ఆ ఒక్క మాటకు నాకు కళ్లనీళ్లు ఆగలేదు, సహోదరీలారా!

మందు మాత్రం రాయలేదు. వాము నీళ్లు, ఆముదం మానేయమంది. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరమంది, ఏడ్చే వేళకు మనుషులను, చప్పుళ్లను తగ్గించి ఎత్తుకుని తిప్పమంది. మనకే ఓపిక చచ్చి కోపం వస్తే బిడ్డను కుదిపేయకుండా, చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాసేపు బయట నిలబడి రమ్మంది. “గానీ జ్వరమొచ్చినా, పచ్చగ కక్కినా, దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పడినా, పాలు పట్టకుండ సోలిపోయినా ఆగకుండ్రి, వెంటనే దవాఖానకు ఉరకాలె” అంది.

అత్తమ్మ ముందుకొచ్చి, “నా పెద్దోడు పచ్చగ కక్కిండమ్మా. ఒళ్లు కాలిపోయింది. పాలు మొత్తానికే ఇడిసిపెట్టిండు” అంది.

డాక్టరమ్మ చేతిలో పని ఆపింది. అత్తమ్మ మెల్లగా అడిగింది: “సురుకలు పెట్టిస్తే బతికేటోడు గాదా?”

“లేదు పెద్దమ్మా. సురుకలతోని బతికే జబ్బు కాదది. నీ తప్పేం లేదు.”

అత్తమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ముసలామె అంతలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అన్నేళ్లూ బిడ్డను తానే చంపుకున్నానని మనసులో మోసిందని మాకు అప్పుడే తెలిసింది, ఆమె కన్న కొడుక్కే తెలియదు!

ఆదివారం వచ్చింది. అత్తమ్మ సూది మాటే ఎత్తలేదు.

హన్నా ఏడుపు మాత్రం ఆగలేదు, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. కానీ అమ్మగారు సంఘపు సహోదరీలకు కొత్త పని పెట్టారు. ఒక్కో సాయంత్రం ఒక్కరే, కంజీర లేకుండా రావాలి, బిడ్డను ఎత్తుకుని మనసులోనే ప్రార్థించాలి, ఆ కాసేపు నేను అన్నం తిని నడుం వాల్చాలి. అందరికంటే గట్టిగా అరిచే సహోదరి కూడా పెదాలు బిగబట్టుకుని మా వాకిట్లో నడుస్తుంటే నవ్వొచ్చేది. దేవుడు మా ఇంటికి ఓపికను ఇలా మనుషుల చేతుల్లో పెట్టి పంపాడు. కొన్ని వారాలకు ఏడుపు సన్నగిల్లింది, నాలుగో నెలలో ఒక సాయంత్రం ఎవరూ ఎత్తుకోకుండానే చీకటి పడింది. బిడ్డ చాప మీద తన వేళ్లు తాను చీకుతూ పడుకుని ఉంది. హల్లెలూయ!

కృతజ్ఞతకని మా ఇంట్లో కూడిక పెట్టుకున్నాం. అయ్యగారు, ఇంకెవరైనా ప్రార్థిస్తారా అని అడిగితే, వెనక గోడకు ఆనుకుని కూర్చున్న అత్తమ్మ హన్నాను ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచింది. ఆమె చేసిన మొదటి ప్రార్థన అది.

“యేసయ్యా, నాకు ప్రార్థన చేసుడు రాదు. నా పెద్దోడు నీ తాన్నే ఉన్నడంట. నిన్ను కన్న అవ్వకు తెల్వలేదురా అని వానికి జర చెప్పు, నాయనా.”

మా ఆయన వెళ్లి ఆమె పక్కన కూర్చుని ఆమెన్ అన్నాడు.

చంటిబిడ్డలున్న తల్లులారా, ఏడుపు చూసి బెదిరిపోకండి. బిడ్డను డాక్టరుకు చూపించండి, సూదికి మాత్రం అప్పగించకండి. మీ గుండెలో ఎన్నాళ్ల బరువున్నా, మా అత్తమ్మలాగా మీకొచ్చిన నాలుగు మాటల్లోనే ఆయనకు చెప్పుకోండి, ఆయన వింటాడు.