కార్ పార్కులో రాహుకాలం

మా ఫిర్యాదును కొట్టేస్తూ బ్యాంకు వాళ్లు రాసిన జవాబులో ఒక్క వాక్యం దగ్గర నాకు కోపం, నవ్వు కలిసి తన్నుకొచ్చాయి. ఫలానా శుక్రవారం ఉదయం పదకొండు నుంచి పన్నెండు దాకా మా ఉద్యోగి మీ దంపతులిద్దరినీ కూర్చోబెట్టి ఇన్సూరెన్సు పాలసీ షరతులన్నీ విడమరిచి చెప్పాడు అని దాని సారాంశం. సరిగ్గా ఆ గంటలో మేమిద్దరం వాళ్ల బ్యాంకు వెనకాల కార్ పార్కులో, మా కారులో, స్టీలు డబ్బాలోంచి పులిహోర తింటూ కూర్చున్నాం. కారణం రాహుకాలం.

మా ఆయన డాక్టరు. గుంటూరులో చదివి ఇక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేస్తున్నారు. ఐర్లండ్‌లో ఆయనలాంటి చాలామందికి ఉద్యోగమంటే ఆరు నెలల కాంట్రాక్టు. అది అయిపోతే ఇంకో ఊరు, ఇంకో ఆసుపత్రి, ఇంకో అద్దె ఇల్లు. తిరిగి తిరిగి విసిగిపోయి బాలింకాలిగ్ అనే ఊళ్లో ఒక ఇల్లు చూసుకున్నాం. ఇంటి లోను సంతకాలకు రమ్మని బ్యాంకు వాళ్లు శుక్రవారం పదకొండు గంటలకు టైమిచ్చారు. ఈయనేమో పన్నెండు దాటితే గానీ కారు దిగనన్నారు.

దాటాక లోపలికి వెళ్లేసరికి ఆ ఉద్యోగి లంచ్‌కు లేవబోతున్నాడు. సంతకాలు పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు కొట్టి ఉంచాడు. ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ అని చూపించి, అయ్యాక గ్రాండ్ అన్నాడు, ఇక్కడివాళ్ల మాటలో భేషని. అంతే. మధ్యలో ఒక కాగితం చూపించి మాత్రం, "ఇది ఉంటే ఉద్యోగం పోయినా ఇల్లు పోదు. వాయిదాలు ఇన్సూరెన్సు వాళ్లే కడతారు" అన్నాడు. మా ఆయన ఆ కాగితం మీద మిగతా వాటికంటే గట్టిగా సంతకం పెట్టారు. పదకొండు గంటల మీటింగు జరిగిపోయినట్టు ఆ పిల్లాడు అప్పటికే కంప్యూటరులో ఎక్కించేసి ఉంటాడు.

కొన్నేళ్లు నెలనెలా ప్రీమియం కట్టాం. ఒక జూలైలో కాంట్రాక్టు అయిపోయింది, కొత్తది చేతికి రాలేదు. ఇన్సూరెన్సు వాళ్లను అడిగితే తాత్కాలిక కాంట్రాక్టు వాళ్లకు ఈ పాలసీ వర్తించదన్నారు. వర్తించనిది మాకెందుకు అంటగట్టారని బ్యాంకును నిలదీస్తే వచ్చిందే ఆ జవాబు. గొడుగు అమ్మి, వాన మొదలయ్యాక ఇది మీ తలకు పనికిరాదన్నట్టుంది. నా జీతం ఇంటి ఖర్చులకే సరి, అటు దాచుకున్నదంతా వాయిదాలకే కరిగిపోతోంది. కట్టిన ప్రీమియం వెనక్కి వస్తే కొత్త ఉద్యోగం దాకా లాక్కురాగలం, రాకపోతే ఇల్లు దక్కడం కష్టం. నాకు కంటి మీద కునుకు లేదు.

బ్యాంకు కాదన్నా వినడానికి ఆంబుడ్స్‌మన్ ఉన్నారని తెలిసి అక్కడ ఫిర్యాదు పెట్టాం. ఆ గంటలో మేము లోపల లేమని రుజువు కావాలి. రుజువు మా ఇంట్లోనే ఉంది. ఆ ఉదయం పదకొండు దాటాక మా ఆయన కారులోంచే ఆ ఉద్యోగికి ఫోన్ చేశారు. చిత్తు కాగితం కూడా పారేయని మనిషి కాబట్టి ఆ నెల ఫోన్ బిల్లు భద్రంగా ఉంది.

"ఎదురుగా కూర్చున్న మనిషికి ఎవరైనా ఫోన్ చేస్తారా అండీ? గెలిచేశాం!" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. ఆ ఫోన్‌లో ఆయన చెప్పింది ఆసుపత్రిలో ఎమర్జెన్సీ కేసు వచ్చిందని. తీరా ఆ రోజు ఆయనకు సెలవు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈయనది మరీ బాగా అతికింది, ఇప్పుడు ఊడదీయడమే కష్టమైపోయింది.

"ఎందుకు రాలేదని అడిగితే ఏం చెప్పమంటావే? రాహుకాలమనా?"

"నిజం అదేగా."

"నీకేం, పళ్లికిలిస్తావు. ఆసుపత్రిలో తెలిస్తే నా పరువేం కాను?"

ఇకిలించక ఏం చేయను? ఆసుపత్రిలో తలగడ కింద చర్చి తీర్థం సీసా పెట్టుకున్న పాపానికి ఒక ముసలి పేషెంటుకు సైన్సు పాఠం చెప్పి వచ్చిన మనిషి ఈయన. పైగా చూసేది మన గుంటూరు క్యాలెండరు. చలికాలంలో ఎనిమిదిన్నరైనా తెల్లారని ఈ దేశంలో రాహువు ఏ గడియారం చూసుకుని వస్తాడండీ అంటే, నీకర్థం కాదులే అంటారు. ఆ రోజు కారులో ఒక గంట ఇదే వాదన.

ఆంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచి మధ్యవర్తిత్వం చేసే ఆవిడ ఫోన్ చేసింది. వంటింటి బల్ల మీద స్పీకర్ పెట్టాం. మర్యాదగా మాట్లాడి, చివరికి అడగనే అడిగింది, "ఆ గంటలో మీరెక్కడున్నారు డాక్టర్ గారూ?" అని. ఆయన నా వైపు చూశారు. నేను ఒక జంతిక నోట్లో పెట్టుకున్నాను.

ఆయన గ్రహాలూ, గతులూ అంటూ ఏదో మొదలుపెట్టి తడబడి ఆగిపోయారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"మేడమ్, ఎమర్జెన్సీ అని నేను చెప్పింది అబద్ధం. మా వాళ్లు రోజులో ఒక గంటన్నర మంచిది కాదంటారు. అప్పుడు సంతకం పెట్టడం ఇష్టం లేక కారులో కూర్చున్నాం."

"మీరు డాక్టరు కదా, నమ్ముతారా అవన్నీ?"

"నమ్ముతానో లేదో నాకే తెలీదు. ఆరు నెలలకోసారి నన్ను ఎక్కడికి పంపిస్తారో తెలీదు. ఏదీ నా చేతిలో ఉండదు. ఈ ఇల్లొక్కటైనా మాకు నిలవాలనుకున్నాను. దానికి నాకు తెలిసిన జాగ్రత్త అదొక్కటే."

జంతిక నా నోట్లోనే ఉండిపోయింది. ఆ రోజు నా పక్కన పులిహోర తింటూ ఆయన అంత భయపడుతున్నారని నాకు తెలియనే తెలియదు. నాకు ఏడుపొచ్చింది.

"శనివారం కొత్తింటికి మారితే ఎక్కువ రోజులు ఉండరని మా అమ్మ నమ్మకం" అంది అటువైపు ఆవిడ. "సామానంతా వ్యానులో పెట్టుకుని ఆదివారం వచ్చేదాకా గుమ్మం బయటే కూర్చున్నాం. ఆ ఫోన్ బిల్లు నాకు పంపించండి."

బిల్లు చూశాక బ్యాంకు స్వరం తగ్గింది. తప్పు చేశామని ఒప్పుకోలేదు గానీ ప్రీమియమంతా వడ్డీతో వెనక్కి ఇచ్చింది. వాయిదాలు ఆగలేదు, ఇల్లు నిలిచింది. కొత్త కాంట్రాక్టు కూడా వచ్చింది, దేశానికి ఆ చివర డండాక్‌లో. ఇల్లు ఇక్కడ, నా ఉద్యోగం ఇక్కడ, ఆయనొక్కరూ అక్కడ. శుక్రవారం రాత్రి వస్తారు, ఆదివారం సాయంత్రం వెళ్తారు.

ఆ ఊరి డ్యూటీల్లో పడి ఆయనకిప్పుడు క్యాలెండరు చూసే తీరిక లేదు. ఆదివారం నాలుగున్నర కాగానే కారు తాళాలు తీసుకుంటారు. అప్పుడు నేనే అడ్డం వెళ్తాను.

"ఏమండీ, ఇప్పుడు రాహుకాలం. ఆరు దాటాక బయల్దేరుదురుగాని" అని చేతిలోంచి బ్యాగు లాక్కుని టీ పెడతాను.