నూనె వైద్యుడి అరుగు

మొన్న పక్కింటి అమ్మాయి, ఫార్మసీలో పరిశోధన చేస్తున్న పిల్ల, చిన్న సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "మామ్మగారూ, గంధపు చెక్క నూనె! ఇందులోంచి వేరు చేసిన పదార్థం కేన్సరు కణాల్ని చంపేస్తోందండీ" అని మెరిసే కళ్ళతో చెబుతుంటే, సంతోషించాల్సిన నాకు ఒళ్ళు మండిపోయింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో గుంటూరు కాలేజీ ల్యాబులో నా పనీ అదే. గంధపు పొట్టును ఆవిరి పట్టి నూనె తీసి, అందులోని పదార్థాల్ని విడదీసి హైదరాబాదు పంపితే, అక్కడ గాజు పళ్ళేల్లో పెంచిన కేన్సరు కణాల మీద వేసి చూసేవారు. కణాలు చచ్చేవి. పళ్ళెంలో చావడం వేరు, మనిషి ఒంట్లో చావడం వేరని మా మాస్టారు పదే పదే హెచ్చరించేవారు.

అప్పుడే, చిలకలూరిపేట దగ్గర మిరప సేద్యం చేసే ఇంటికి కోడలిగా వెళ్ళిన మా అక్కకి రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ చేస్తే బతుకుతుందని డాక్టరు చెప్పినా, కత్తి పేరెత్తితే హడలిపోయే అక్కని బంధువులు బ్రాడీపేటలో ఒక నూనె వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. అతను మాటల్లో నా ఉద్యోగం సంగతి రాబట్టి, "కోతెందుకమ్మా? మీ చెల్లెలు కనిపెట్టిన మందే నేనిచ్చేది" అన్నాడట. ఆపరేషన్ చేయించుకోమని నేను వెళ్ళి అక్క కాళ్ళావేళ్ళా పడితే, "నీ మందేగా, నువ్వే వద్దంటావేంటే?" అని నవ్వేసింది. ఆ ఏడాది మిరపకాయలు కళ్ళంలో ఎండుతుండగా అక్క పోయింది.

నేను ఏడవలేదు. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి తిన్నగా వెళ్ళి అతని అరుగు మీద కూర్చుని, లోపలికి వెళ్ళబోయే ప్రతి మనిషికీ చెప్పేదాన్ని. "మా అక్కా ఇక్కడికే వచ్చిందండి. ఇప్పుడు లేదు. ఈ మందు కనిపెట్టిందని ఆయన అక్కకి చెప్పిన చెల్లెల్ని నేనే."

ఓ సాయంత్రం అతను బయటికొచ్చి, "ఏంటమ్మా, నా పొట్ట కొడతావా?" అని అరిచాడు.

"మీరు మా అక్క ప్రాణం తీశారు. నేను అరుగు మీద కూర్చున్నానంతే."

పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పిలవండి, వాళ్ళకీ చెబుతానన్నాను. చివరికి చేతులు జోడించాడు. ఆ చేతులు చూస్తుంటే అక్క పోయాక మొదటిసారి నాకు ఆకలేసింది.

వానలు మొదలయ్యేసరికి తలుపు మూసేశాడు. చీరాలలో మళ్ళీ బోర్డు కట్టాడని తెలిసి రైలెక్కాను. నన్ను గుమ్మంలో చూడగానే, రొమ్ములో గడ్డతో వచ్చి ఎదురుగా కూర్చున్న నేత ఇంటావిడతో చెబుతున్న మాట మింగేసి, తనే లేచి బోర్డు దించుకున్నాడు. ఆవిడ నా వెంట గుంటూరు వచ్చి ఆపరేషన్ చేయించుకుని చాలా ఏళ్ళు బతికింది. ఆవిణ్ణి చూసినప్పుడల్లా సంతోషంగానే ఉండేది, ఈ బతుకు మా అక్కదీ కావాల్సిందని కడుపూ రగిలేది.

ఆ నూనెలోంచి ఏనాటికైనా నిజమైన మందు రావాలనే కోరుకుంటాను. వచ్చినా వాణ్ణి క్షమించను. ఇప్పుడు అలాంటి మాటలు ఫోన్లలో, మొహం లేని గొంతులతో ఇంటింటికీ వస్తున్నాయి. కోపం నాకింకా అలాగే ఉంది. వెళ్ళి కూర్చుందామంటే వాళ్ళ అరుగు ఎక్కడుందో తెలియడం లేదు.